పొరను ఎవరు తీయాలి?

విశాఖలో సీతమ్మధార ఇళ్ల పేట. వెల్డింగ్ షెడ్లు కావాలంటే ఆటోనగర్‌కో, కంచరపాలెం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌కో వెళ్లాలి. అయితే షిప్‌యార్డులోనూ డాక్‌యార్డులోనూ ఉక్కు ఫ్యాక్టరీలోనూ చేసి రిటైరైనవాళ్లు ఈ వీధుల్లో ఉన్నారు. అందుకే పని అక్కడ జరిగినా, దాని మీద వాదన ఇక్కడికి వస్తుంది. ఈ సంవాదంలో మావయ్య షిప్‌యార్డులో అల్యూమినియం పనులు చేయించిన ఫోర్‌మన్. మేనల్లుడు పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి ఆటోనగర్‌లో 'ఆర్గాన్ వెల్డింగ్' బోర్డు పెట్టుకున్నవాడు. బోర్డు మీద అలా రాసేదాన్నే పుస్తకాల్లో టిగ్ అంటారు. కరగని టంగ్‌స్టన్ మొన నుంచి ఆర్క్, చుట్టూ ఆర్గాన్ కాపలా, రెండో చేతిలో ఫిల్లర్ రాడ్. ఉక్కుకైతే డీసీ. అల్యూమినియానికి, మెగ్నీషియానికి ఏసీ. ఆ ఏసీ దగ్గరే మామా అల్లుళ్లకు పడదు.

మేనల్లుడు: ఎన్నిసార్లు అడిగినా నాది ఒకటే మాట మావయ్యా. అల్యూమినియం మీద ఏసీ ఒక రాజీ. డీసీలో టంగ్‌స్టన్‌ని నెగెటివ్‌కి కలిపితే ఆర్క్ వేడిలో సుమారు 70 శాతం ముక్కకి పోతుంది, టంగ్‌స్టన్‌కి 30 మిగుల్తుంది. వైర్లు తిరగేస్తే లెక్కా తిరగబడుతుంది. ముక్క సరిగా కరగదు, టంగ్‌స్టన్ మొన మాత్రం ఉబ్బి కారిపోతుంది. ఏసీలో ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి. 50 హెర్ట్జ్ కరెంటు దిశ సెకనుకి 100 సార్లు మారుతుంది. అందులో సగం సార్లు పని, సగం సార్లు దుబారా.

మావయ్య: దుబారా అన్నావు కాబట్టి అడుగుతున్నా. ఆ రెండో సగం తీసేసి, వట్టి నెగెటివ్‌తో, ఆర్గాన్ కిందే, ఓ అల్యూమినియం ప్లేటు మీద ఆర్క్ వెలిగించు. ఏమవుతుంది?

మేనల్లుడు: ప్లేటు మసకబారుతుంది. లోపల కరుగుతుంది గాని పైన ముడతలు పడ్డ తోలు అలాగే ఉంటుంది. రాడ్ ముంచితే ఉండ కట్టి పక్కకి దొర్లుతుంది, కలవదు.

మావయ్య: అదిగో. ఉక్కు ఊళ్లో పుట్టిన వెల్డర్లందరికీ ఉక్కు అలవాటే. ఉక్కు మీది పొర, ఉక్కు కరిగే వేడికి కాస్త అటూ ఇటూగా తనూ కరుగుతుంది, కాబట్టి పెద్దగా అడ్డం రాదు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. దాని మీది ఆక్సైడ్ పొర కరగాలంటే 2,050 దాటాలి. పైగా అది కరిగిన లోహం కంటే బరువు, తేలి పక్కకి పోదు. రెండు పాలిథీన్ సంచుల్లో నీళ్లు పోసి పక్కపక్కన ఆనిస్తే నీళ్లు కలుస్తాయేటిరా? సంచి చిరగాలి. నువ్వు దుబారా అంటున్న సగం చేసేది ఆ చింపే పని.

మేనల్లుడు: చింపాల్సింది ఎంత మందం? గాలిలో తనంతట తాను కట్టే పొర కొద్ది నానోమీటర్లు. దాని కోసం సగం కరెంటా?

మావయ్య: మందం చూసి లోకువ కట్టకు. మన పోర్టులో ఓడల్లోకి పోసే నాల్కో వాళ్ల తెల్లపొడి, దామన్‌జోడి నుంచి రైల్లో వచ్చేది, అది ఏమిటి? అల్యూమినా. నీ ప్లేటు మీది పొరా అదే. స్మెల్టర్లో కూడా దాన్ని వట్టిగా కరిగించే ధైర్యం ఎవరూ చెయ్యరు. క్రయొలైట్‌లో కరగబెట్టి, సుమారు 960 డిగ్రీల దగ్గర కరెంటు పంపి లోహం లాగుతారు. పాతకాలం గ్యాస్ వెల్డింగ్‌లోనూ ఇదే ఎత్తు. క్లోరైడ్లు, ఫ్లోరైడ్లు కలిపిన ఫ్లక్స్ పూసి పొరని కరిగించి అతికేవాళ్లు. అతుకు బాగానే ఉండేది. కడగడంలో ఎక్కడో మూల కాస్త ఫ్లక్స్ మిగిలిపోతే, సముద్రపు గాలికి అక్కడి నుంచి లోహాన్ని తినేసేది. ఏసీలో ఆ రెండో సగం కూడా ఫ్లక్సే అనుకో. పని చేసి వెళ్లిపోతుంది, కడగాల్సింది ఏమీ మిగల్చదు. దీన్ని రాజీ అనడానికి నాకు నోరు రాదు.

మేనల్లుడు: సరే, పని చేస్తుందని ఒప్పుకుంటా. ఎలా చేస్తుందో మీ తరం చెప్పే కథ మాత్రం ఒప్పుకోను. ఆర్గాన్ అయాన్లు సమ్మెటల్లా వచ్చి పొరని పగలగొడతాయని చెబుతారు. ముక్క నెగెటివ్‌గా ఉన్న సగంలో ఎలక్ట్రాన్లు ముక్క నుంచే బయటికి రావాలి. చల్లటి అల్యూమినియం వాటిని తేలిగ్గా వదలదు. పొర ఉన్నచోటే చిన్న చిన్న చుక్కలుగా దారి దొరుకుతుంది, ఆ చుక్క దగ్గర పొర ఆవిరై లేచిపోతుంది, కరెంటు పక్కనున్న ఇంకో పొర ముక్కని వెతుక్కుంటుంది. అయాన్లు తగలవని కాదు, ఎక్కువ పని ఆ చుక్కలది.

మావయ్య: కథ ఏదైనా అద్దంలోంచి కనబడేది ఒకటే కదరా. మడుగు అంచున మెరుపు చుక్కలు పరుగులు పెడుతుంటాయి. అవి పోయినచోట లోహం అద్దంలా తేలుతుంది. ఆర్పాక చూస్తే అతుకుకి రెండు పక్కలా మంచు పట్టినట్టు తెల్లటి గీత. అది ఎంత వెడల్పుందో చూసి, మిషన్ మీద ఈ రెండు సగాల వంతు మార్చే నాబ్ ఎక్కడుందో చెప్పగలను. నువ్వు వేడి లెక్కే చెబుతున్నావు, నేను కంటి లెక్క చెబుతున్నా. మడుగు మెరవకపోతే రాడ్ ఎప్పుడు ముంచాలో ఏ వెల్డర్‌కీ తెలీదు. హీలియం పోసి వట్టి నెగెటివ్‌తో అల్యూమినియం అతికేవాళ్లున్నారు, తెలుసు. వేడి బాగా దిగుతుంది. కానీ ప్లేటు ముందే గీకి, రసాయనాల్లో కడిగి, టార్చ్‌ని మిషన్‌కి కట్టి, ఆర్క్‌ని బాగా దగ్గరగా పట్టి చేసే పని అది. చేత్తో చేసే మనిషికి పైన అంతా మసకే.

మేనల్లుడు: కన్ను కావాలి, కాదనను. ఎంత కన్ను కావాలన్నదే నా ప్రశ్న. అమెరికావాళ్లు స్పేస్ షటిల్ పెద్ద ట్యాంకుని వేరియబుల్ పొలారిటీ ప్లాస్మాతో అతికేవాళ్లు. 2219 అల్యూమినియం. అందులో వేడి దించే వంతుకి 20 మిల్లీసెకన్ల దాకా ఇస్తే, పొర తీసే వంతుకి మూడో నాలుగో మిల్లీసెకన్లు. అంతే. మా షెడ్లో ఇన్వర్టర్ మిషన్ మీద నేను 70, 75 శాతం నెగెటివ్ పెడతా. ఫ్రీక్వెన్సీ 120కి తీసుకెళ్తా, ఆర్క్ సన్నబడి మూలలోకి సూటిగా దిగుతుంది. 3 మిల్లీమీటర్ల ప్లేటుకి 120 ఆంప్స్ చుట్టూ సరిపోతుంది. మీ పాత ట్రాన్స్‌ఫార్మర్లో ఇది అయ్యేదా? చెరి సగం, ఆకుపచ్చ మార్కు టంగ్‌స్టన్, మొన మీద గోళీ, అతుకు మీద వెడల్పు బీడు.

మావయ్య: చెరి సగంతోనే పడవలకి పనులు చేశాం. నీళ్లు రాలేదు.

మేనల్లుడు: అసలు మీది చెరి సగం కానే కాదు మావయ్యా. ఇందాక చెప్పాగా, అల్యూమినియం ఎలక్ట్రాన్లు వదలడానికి మొరాయిస్తుంది. అందుకని పొర తీసే సగంలో కరెంటు తక్కువ పారేది, కొన్నిసార్లు ఆ సగం వెలిగేదే కాదు. ప్రతి సగానికీ ఆర్క్‌ని మళ్లీ రాజెయ్యడానికే హై ఫ్రీక్వెన్సీ పెట్టారు. రెండు సగాలూ సమానం కాకపోతే లోపల డీసీ వాటా తేలి ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కేది. దాన్ని ఆపడానికి కెపాసిటర్లో, బ్యాటరీలో వరసలో పెట్టేవాళ్లు. మీరు చెరి సగం అనుకున్నారు, మిషన్ ఇచ్చింది వేరు. 1970లలో స్క్వేర్ వేవ్ మిషన్లు వచ్చాక గాని ఆ రెండు వంతులూ మనిషి చేతికి రాలేదు.

మావయ్య: అది నిజమే. ఆర్క్ ఒక్కోసారి కూత మార్చేది, మడుగు ఉన్నట్టుండి మసకబారేది. గ్యాస్ మీద అనుమానపడి సిలిండర్ మార్చేవాళ్లం. నాబ్ వచ్చాక బాగుపడిందంటే కాదనను. ఇప్పుడు నువ్వు ఒకటి దాచకుండా చెప్పు. ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు ఇంజిన్ గేర్‌బాక్స్ మూత వస్తుంది. అల్యూమినియం పోత. ఉప్పునీళ్లు, ఆయిలు, గ్రీజు అన్నీ పట్టి నల్లగా ఉంటుంది. అప్పుడు నాబ్ ఎక్కడ పెడతావు?

మేనల్లుడు: అప్పుడు... కొంచెం అటు తిప్పుతా. 60, 55.

మావయ్య: ఎందుకు?

మేనల్లుడు: మురికి కదా. క్లీనింగ్ ఎక్కువ కావాలి.

మావయ్య: ఇందాక దుబారా అన్నదాన్నే ఇప్పుడు చాకిరీకి పెట్టావన్నమాట! ఒరే, నేను ఆ సగాన్ని వెనకేసుకొచ్చాను గాని దాని నెత్తిన ఈ పని పెట్టమనలేదు. అది తీసేది పలచటి పొడి ఆక్సైడ్‌ని. గ్రీజుని తియ్యదు, రంగుని తియ్యదు, ఉప్పుని తియ్యదు. అన్నిటికంటే ముఖ్యం, తేమ పట్టి ముదిరిన పొరలో నీళ్లు ఉంటాయి. ఆర్క్ కింద ఆ నీళ్లు విడిపోయి హైడ్రోజన్ మడుగులోకి దిగుతుంది. కరిగిన అల్యూమినియం పట్టుకునే హైడ్రోజన్‌లో 20వ వంతు కూడా గట్టిపడ్డాక నిలవదు. మిగిలింది బయటికి పోవాలి. లోహం తొందరగా చల్లబడి దారి మూసేస్తుంది. అదే నీ బీడులో సూది బెజ్జాలు.

మేనల్లుడు: అందుకే గ్యాస్ పెంచుతాం కదా.

మావయ్య: గ్యాస్ పెంచితే సుడి లేచి బయటి గాలిని లోపలికి లాగుతుంది. నిమిషానికి ఎనిమిది నుంచి పన్నెండు లీటర్లతో మామూలు కప్పుకి పని అయిపోవాలి. కాకపోతే లోపం ఇంకెక్కడో ఉంది. రాడ్లు ఎక్కడ పెడతావు?

మేనల్లుడు: ఆఫీసు గదిలో, చల్లగా ఉంటుందని.

మావయ్య: చల్లటి గదిలోంచి విశాఖ గాలిలోకి తెచ్చిన రాడ్‌కి వెంటనే చెమట పడుతుంది. కంటికి కనబడనంత పలచగా పడుతుంది, ఆర్క్‌కి చాలు. షెడ్ వేడికి వచ్చేదాకా ప్యాకెట్ విప్పకూడదు. విప్పాక అసిటోన్ గుడ్డతో రాడ్ కూడా తుడవాలి. ముక్కకైతే ముందు అసిటోన్, తర్వాత బ్రష్. వరస తిరగబడితే గ్రీజుని బ్రష్షే లోహంలోకి రుద్దేస్తుంది. బ్రష్ స్టెయిన్‌లెస్ స్టీలుది, అల్యూమినియానికి తప్ప ఇంక దేనికీ వాడనిది. పగులుని తెరవడానికి గ్రైండింగ్ రాయి వద్దు, దాని జిగురు, గరుకు లోహంలో ఇరుక్కుపోతాయి. కార్బైడ్ బర్ తీసుకో. ఆయిల్లో నానిన పోతైతే ముందు వేడి చెయ్యి, లోపలి ఆయిలు పైకి ఊరుతుంది, తుడువు, మళ్లీ వేడి చెయ్యి. అప్పుడు నీ 75 శాతమే పెట్టు. నేను కాదనను.

మేనల్లుడు: నువ్వు చెప్పినట్టు చేస్తే ఆ మూతకి సగం పూట పోతుంది. ఆర్క్ వెలిగేది పది నిమిషాలు. కస్టమర్ లెక్కేసేది ఆ పది నిమిషాలనే. పక్క షెడ్‌వాడు అటూ ఇటూ బఫ్ కొట్టి, నాబ్ తిప్పి, అరగంటలో ఇచ్చేస్తాడు.

మావయ్య: ఇచ్చేస్తాడు. అది మళ్లీ పగిలి నీ దగ్గరికి వస్తుంది. అప్పుడు వాడి బెజ్జాలన్నీ తవ్వాల్సింది నువ్వే.

మేనల్లుడు: అందుకే మావయ్యా, ఈ ఏసీ మీద నాకు మోజు లేనిది. పొర, తేమ, బెజ్జాలు, ఇదంతా లోహాన్ని కరిగించడం వల్ల వచ్చిన తంటా. 1991లో ఇంగ్లండులో ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ కనిపెట్టారు. తిరిగే కడ్డీతో లోహాన్ని కరగనివ్వకుండా మెత్తబరిచి కలిపేస్తుంది. ఆర్క్ లేదు, ఆర్గాన్ అక్కర్లేదు. రాకెట్ ట్యాంకులకి అది వచ్చేసింది. అంతెందుకు, 2017 అక్టోబర్‌లో మన విశాఖలోనే నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ కిల్తాన్ పైకట్టడం కార్బన్ ఫైబర్ కాంపోజిట్. అక్కడ వెల్డింగే లేదు. నీ లోహం, నా మిషన్ రెండూ వెనకబడుతున్నాయి.

మావయ్య: తిన్నటి ప్లేట్లు, పెద్ద బెడ్డు, బిగించడానికి ఫిక్చర్లు ఉన్నచోట కడ్డీ తిప్పుకోనీ. మంచిదే. పగిలిన గేర్‌బాక్స్ మూతని ఏ కడ్డీ కింద బిగిస్తావు? ఇంటర్‌సెప్టర్ బోట్ల అల్యూమినియం హల్లుకి ఏదో మూల దెబ్బ తగిలితే, టార్చ్ పట్టుకుని మనిషే దూరాలి. కొత్తవి కట్టే పనిలో వేరే దారులు వస్తాయి, పాతవి బాగుచేసే పని మాత్రం టార్చ్‌ని వదలదు. నీది రిపేరు షెడ్డు, అది మర్చిపోకు.

మేనల్లుడు: రిపేరు అన్నావు కాబట్టి అసలు సంగతికి వస్తా. చెట్లు కోసే చెయిన్ సా బాడీ ఒకటి వచ్చింది. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊళ్లో చెట్లన్నీ పడుకున్నప్పటి నుంచి ఆ మిషన్లు ఊరికి అలవాటయ్యాయి కదా. బాడీ పగిలింది. తెచ్చినవాడు అల్యూమినియం అన్నాడు. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు.

మావయ్య: వెనిగర్ వేశావా?

మేనల్లుడు: లోపలి పక్క కొంచెం గీకి ఒక చుక్క వేశా. వెంటనే బుసబుసమని నురగ. అల్యూమినియమైతే అంత చప్పున కదలదు. మెగ్నీషియమే. తిరిగి ఇచ్చేద్దామనుకుంటున్నా. అది అంటుకుంటే ఆర్పడం నా వల్ల కాదు.

మావయ్య: ఏసీని రాజీ అన్న మొనగాడివి, ఇక్కడ భయపడ్డావా? ఈ టిగ్ పుట్టిందే మెగ్నీషియం కోసం. 1941 ప్రాంతంలో కాలిఫోర్నియాలో నార్త్‌రాప్ విమానాల కంపెనీలో రస్సెల్ మెరెడిత్ అనే ఆయన టంగ్‌స్టన్ మొన, హీలియం గ్యాస్ కలిపి హీలియార్క్ తయారుచేశాడు. 1942లో పేటెంట్ వచ్చింది. మెగ్నీషియంతో విమానం కట్టాలన్నది వాళ్ల పట్టు. అల్యూమినియం సాంద్రత 2.7, దీనిది 1.74. ఆ తేలికదనం కోసం అంత తాపత్రయం. తర్వాతే ఆర్గానూ ఏసీ కలిసి ఇప్పుడున్న పద్ధతి స్థిరపడింది. దీని పొర అల్యూమినియం పొర కంటే మొండిది. లోహం 650 దగ్గర కరిగితే, ఆక్సైడ్‌కి 2,800 దాటాలి. కాబట్టి ఏసీ దీనికి ఇంకా అవసరం.

మేనల్లుడు: అంటుకోవడం సంగతి?

మావయ్య: దిమ్మగా ఉన్న మెగ్నీషియం అగ్గిపుల్లకి అంటుకోదు. వేడంతా లోపలికి లాగేసుకుంటుంది. కరిగేదాకా వచ్చినచోట కూడా పైన ఆర్గాన్ ఉన్నంతసేపు దానికి గాలి అందదు. అంటుకునేది పొడి. నువ్వు బర్ పెట్టి పగులు తెరిచినప్పుడు రాలే రవ్వలు, గ్రైండర్ దుమ్ము, అవీ శత్రువులు. అదే బల్ల మీద ఉక్కు గ్రైండింగ్ చేస్తే ఆ నిప్పురవ్వ ఒక్కటి చాలు. అంటుకున్నాక నీళ్లు పోశావా, హైడ్రోజన్ పుట్టి ఇంకా లేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా పనికిరాదు, ఆ గ్యాసులోనూ మండుతుంది. లోహాల మంటకని వచ్చే క్లాస్ డి పొడి పెట్టుకో. చిన్నదైతే బాగా ఎండిన ఇసుక కప్పినా ఆగుతుంది. తడి ఇసుక వద్దు. బల్ల ఊడ్చి, దుమ్ము విడిగా మూత డబ్బాలో వేసి, ఆ తర్వాతే ఆర్క్ వెలిగించు. రాడ్ కూడా దాని జాతిదే కావాలి, ఏజడ్61, ఏజడ్92 అని వస్తాయి. అల్యూమినియం రాడ్ పెడితే గాజులా పగిలే అతుకు వస్తుంది.

మేనల్లుడు: అయితే తీసుకోమంటావా?

మావయ్య: వద్దంటా.

మేనల్లుడు: ఇదేంటి మావయ్యా! ఇంతసేపూ భయం లేదని చెప్పి?

మావయ్య: నిప్పు భయంతో వద్దనలేదు. చెయిన్ సా బాడీ ప్రెషర్ డై కాస్టింగ్. అచ్చులోకి కరిగిన లోహాన్ని ఒత్తిడితో చిమ్మినప్పుడు గాలి బుడగలు లోపల చిక్కుకుపోతాయి. నువ్వు వేడి పెట్టగానే అవి ఉబ్బి పైకి పొంగుతాయి. బీడు స్పాంజిలా లేస్తుంది. ఎంత శుభ్రం చేసినా, నాబ్ ఎటు తిప్పినా లోపల ఉన్నదాన్ని ఎవరూ తియ్యలేరు. బుడగలు తక్కువున్నచోట ఏ చెవి ముక్కో విరిగితే ప్రయత్నించొచ్చు. క్రాంక్ బేరింగ్ కూర్చునే చోట పగిలితే కొత్త బాడీ కొనుక్కోమని చెప్పు. ఇసుక అచ్చులో పోసిన మెగ్నీషియమైతే నేనే వచ్చి నిలబడి చేయిస్తా.

మేనల్లుడు: నేను తప్పుడు కారణానికి సరైన పని చెయ్యబోయానన్నమాట. సరే, అది ఇచ్చేస్తా. కానీ అల్లాయ్ వీల్స్ సంగతిలో నీ మాట వినను. ఊళ్లో గుంతలు ఉన్నంతకాలం పగిలిన అల్లాయ్ వీల్స్ వస్తూనే ఉంటాయి. నా షెడ్ అద్దె వాటితోనే నడుస్తుంది.

మావయ్య: అద్దె నడుస్తుంది. బండి నడుస్తుందా? ఆ వీల్ పోత పోశాక వేడిచేసి, ముంచి, మళ్లీ తక్కువ వేడిలో కాల్చి బలం ఎక్కిస్తారు. టీ6 అంటారు. ఆ చివరి కాల్పు 150, 170 డిగ్రీల దగ్గర జరిగేది. నీ ఆర్క్ పక్కన లోహం ఎంత వేడెక్కుతుందో నీకు తెలుసు. 6061-టీ6 ప్లేటుని అతికితే పక్క పట్టీలో బలం దాదాపు సగానికి పడిపోతుంది. బీడు మెరుస్తుంటుంది, దాని పక్కనే లోహం మెత్తబడి ఉంటుంది. ఏ కంటికీ కనబడదు. ఇందాక నేను కన్ను, కన్ను అన్నాను. ఇక్కడ కన్నుకి కూడా హద్దు ఉంది.

మేనల్లుడు: మరి మీ పడవలు? అవీ వెల్డింగే కదా.

మావయ్య: పడవకి వాడే 5083కి బలం మెగ్నీషియం కలపడం వల్ల వచ్చింది, వేడి చికిత్స వల్ల కాదు. హెచ్116 అనే గట్టి స్థితిలో ఉన్న ప్లేటుకి కనీసం 305 మెగాపాస్కల్స్ అంటే, పూర్తిగా మెత్తబడినా 275 దగ్గర నిలుస్తుంది. అంత తేడాని డిజైన్‌లోనే లెక్కేసుకుంటారు. అందుకే సముద్రం దానికి దక్కింది. రాడ్ మాత్రం 5356గాని 5183గాని వాడాలి. షెడ్లో చేతికి దొరికిందని సిలికాన్ ఉన్న 4043 పెడితే, మెగ్నీషియం, సిలికాన్ కలిసి పెళుసు జంట కడతాయి. వీల్‌కీ పడవకీ మిషన్ అదే, ఏసీ అదే, నీ చెయ్యీ అదే. లోహం చరిత్ర వేరు. కరెంటు చేసేది పై పొర చింపడం ఒక్కటే. లోహం ఎలా తయారైందో అది మార్చలేదు.

మేనల్లుడు: వీల్ అంచు మీద గీత పడింది, టైరు గాలి కారుతోంది, అది మూయమంటాడు. చువ్వ విరగలేదు, మధ్య భాగం పగల్లేదు. అదీ వద్దంటావా?

మావయ్య: నన్నడిగితే వద్దనే అంటా. తిరిగే చక్రం మీద బతుకు పెట్టేది నువ్వు కాదు, వాడు. నీకు అద్దె ముఖ్యమైతే ఒక హద్దు గీసుకో. బయటి అంచు వరకే, చువ్వల జోలికి పోకూడదు. చేసినది డై పెనెట్రెంట్ రంగు వేసి చూపించు. వేడికి దాని బలం కొంత పోయిందని వాడికి నోటితో చెప్పు, కాగితం మీద కూడా రాయి. విని కూడా చేయించుకుంటానంటే అది వాడి ఇష్టం.

మేనల్లుడు: అలా రాస్తే సగం మంది వెళ్లిపోతారు.

మావయ్య: ఆ సగం మంది వెళ్లిపోవడమే మంచిది.

మేనల్లుడు: నీకు పెన్షన్ వస్తుంది మావయ్యా, ఆ మాట అనగలవు. నేను అంచు పనులు చేస్తా, చువ్వలు ముట్టుకోను, కాగితం రాస్తా. అంతకంటే వెనక్కి రాను. ఏసీ రాజీ అన్న మాట కూడా వెనక్కి తీసుకోను. కాకపోతే ఒకటి ఒప్పుకుంటా, మురికి ముక్క మీద నాబ్ తిప్పడం దానికంటే పెద్ద రాజీ. రేపటి నుంచి గేర్‌బాక్స్ మూత వచ్చినా, సైలెన్సర్ బ్రాకెట్ వచ్చినా, బిల్లులో రెండు వరసలు వేస్తా. శుభ్రం చేసినందుకు ఇంత, వెల్డింగ్‌కి ఇంత.

మావయ్య: మొదటి వరస రేటు ఎక్కువ వెయ్యి.